అక్క గరిటె పట్టింది... జేన్ కలం పట్టింది

నలుగురు ఆడవాళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఇంటి పని పంచుకుని, రాత్రి భోజనాలయ్యాక నవలలు చదువుకుంటే ఏమవుతుంది? రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులోని ఒక పల్లెటూళ్లో సరిగ్గా అలాగే జరిగింది. జేన్ ఆస్టిన్ నవలలు ఆ ఇంట్లోంచే బయటికొచ్చాయి.

1813 జనవరి 27. చాటన్ అనే ఊరు. రోడ్డు వారగా ఉన్న ఇటుక ఇంటికి లండన్ నుంచి పుస్తకం పార్సిలు వచ్చింది. విప్పి చూస్తే మూడు భాగాల కొత్త నవల. ఆ రోజే ఆ ఇంటికి మిస్ బెన్ అనే పొరుగావిడ భోజనానికి వచ్చింది. ఆమెకు పెళ్లి కాలేదు, ఆస్తిపాస్తులు లేవు, ఉండేది పాతబడిన అద్దె ఇల్లు. అప్పుడప్పుడూ ఆమెను పిలిచి భోజనం పెట్టడం ఈ ఇంటివాళ్లకు అలవాటు.

భోజనాలయ్యాక తల్లీ కూతుళ్లు ఆ నవల తీసి, మొదటి భాగంలో సగం దాకా ఆమెకు పైకి చదివి వినిపించారు. ఇలాంటి పుస్తకం ఒకటి వస్తోందని లండన్‌లో ఉన్న హెన్రీ చెప్పాడనీ, రాగానే పంపమన్నామనీ మాత్రం చెప్పారు. రాసిందెవరో చెప్పలేదు. పుస్తకం మీద కూడా రచయిత్రి పేరు లేదు. మిస్ బెన్ సరదాపడుతూ విన్నది. కథానాయిక ఎలిజబెత్ ఆమెకు బాగా నచ్చింది. ఆ ఎలిజబెత్‌ను పుట్టించిన మనిషి తనతో కలిసి ఇప్పుడే భోంచేసిందని ఆమెకు అనుమానం కూడా రాలేదు.

ఆ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. ఆ మనిషి జేన్ ఆస్టిన్. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు.

మరోసారి సాయంత్రం చదివినప్పుడు మాత్రం జేన్‌కి తృప్తి కలగలేదు. తల్లి గబగబా చదివేసిందట. పాత్రలు ఆవిడకు బాగానే అర్థమయ్యాయి కానీ, వాళ్లు మాట్లాడాల్సిన తీరులో పలకలేకపోయిందట. ఈ సంగతంతా ఊళ్లో లేని అక్క కసాండ్రాకి ఉత్తరంలో రాసుకుంది జేన్.

మా భోజనాలు, మా నవలలు

మేం ఏడుగురు స్నేహితురాళ్లం. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. అందరం ఒకే నవల చదివి వస్తాం. ఎవరింట్లో కలిస్తే వాళ్లు అన్నం, పెరుగు చూసుకుంటారు. పప్పు, కూర, పచ్చడి, పులుసు, తీపి మిగతావాళ్లం తలా ఒకటి తెస్తాం. తినడం, నవల గురించి వాదించుకోవడం రెండూ ఒకేసారి సాగుతాయి.

ఈమధ్య జేన్ ఆస్టిన్ వంతు వచ్చింది. మాలో ఒకరిద్దరు తప్ప ఎవరూ అంతకు ముందు ఆమెను చదవలేదు. కానీ 2000లో వచ్చిన తమిళ సినిమా 'కండుకొండేన్ కండుకొండేన్', తెలుగులో 'ప్రియురాలు పిలిచింది', మాలో చాలామంది చూశాం. టాబూ, ఐశ్వర్యారాయ్ అక్కచెల్లెళ్లుగా వేశారు. ఆ కథకు ఆధారం జేన్ నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' అని తెలిసేసరికి ఆవిడ మా వీధిలో మనిషే అనిపించింది.

జేన్ జీవితం గురించి చెప్పే పని నాకు అప్పగించారు. పెళ్లి చేసుకోకుండా, ఒంటరిగా ఓ మూల కూర్చుని రాసుకున్న మనిషి అని నేనూ అనుకునేదాన్ని. చదివిన కొద్దీ తెలిసింది వేరు. ఆమె చుట్టూ ఎప్పుడూ మనుషులున్నారు. అందులోనూ ఆడవాళ్లున్నారు. వాళ్లు పని పంచుకున్న ఇల్లు దొరికినప్పుడు ఆమె కలం పరిగెత్తింది. ఆ ఇల్లు లేనప్పుడు కుంటుపడింది.

నవలంటే సిగ్గుపడని ఇల్లు

జేన్ 1775 డిసెంబరు 16న హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ అనే ఊళ్లో పుట్టింది. ఎనిమిదిమంది పిల్లల్లో ఏడోది. తండ్రి జార్జ్ ఆస్టిన్ ఆ ఊరి చర్చి పాస్టరు. జీతం చాలక ఇంట్లోనే మగపిల్లలను పెట్టుకుని చదువు చెప్పేవాడు. అంటే తన పిల్లలు కాకుండా పై పిల్లలకు కూడా వండి వార్చాల్సిన ఇల్లన్నమాట. అక్క కసాండ్రా దాదాపు మూడేళ్లు పెద్ద. ఇద్దరిదీ ఒకే ప్రాణం.

జేన్ బడికి వెళ్లింది చాలా తక్కువ. 1783లో అక్కతోపాటు పంపిస్తే అక్కడ విషజ్వరం వచ్చి చావు తప్పి బయటపడింది. తర్వాత ఇంకో బడిలో కొంతకాలం. పదకొండేళ్లకల్లా బడి ముగిసింది. మిగిలిన చదువంతా తండ్రి పుస్తకాల బీరువాలోనే. ఆయన దగ్గర 500కు పైగా పుస్తకాలుండేవి. ఇవి చదువు, ఇవి ముట్టుకోకు అని ఆయన గీత గియ్యలేదు.

ఇది చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో నవలంటే చులకన. నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారని, ఊహల్లో తేలిపోతారని పెద్దమనుషులు ఉపన్యాసాలిచ్చేవారు. చాటుగా చదివి, ఎవరైనా వస్తే పుస్తకం దాచేసేవాళ్లు. ఈ మాట చదవగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కుట్టి బైండు చేసుకునేది. ఆ బైండు బియ్యం డబ్బా వెనక ఉండేది. నవల పట్టుకుంటే అన్నం మాడుతుందని మా ఇంట్లో ఒక సామెతలా అనేవాళ్లు. నిజానికి ఆవిడ చేతిలో ఎప్పుడూ అన్నం మాడలేదు.

ఆస్టిన్ కుటుంబం మాత్రం అలా దాచుకునే రకం కాదు. తండ్రి, తల్లి, అన్నలు, అక్కచెల్లెళ్లు అందరూ నవలలు చదివేవాళ్లే. 1798లో మిసెస్ మార్టిన్ అనే ఆవిడ అద్దెకు పుస్తకాలిచ్చే లైబ్రరీ పెడుతూ, చందాదారుగా చేరమని జేన్‌కి కబురు పెట్టింది. తమ లైబ్రరీలో నవలలే కాదు, పెద్ద పెద్ద గ్రంథాలు కూడా ఉంటాయని అందులో గొప్పగా చెప్పుకుంది. జేన్‌కి నవ్వొచ్చింది. మా ఇంటిల్లిపాదీ నవలలు చదివేవాళ్లం, అందుకు సిగ్గుపడేవాళ్లం కాదు, మాకు ఈ బడాయి ఎందుకన్నట్టుగా అక్కకు రాసింది. తర్వాత తన 'నార్తాంగర్ ఆబీ' నవలలో కథ మధ్యలో ఆగి మరీ నవలల తరఫున వాదించింది. నవలలు రాసేవాళ్లే నవలలను కించపరిస్తే ఇంకెవరు ఆదుకుంటారని ఆమె బాధ.

పన్నెండేళ్ల వయసు నుంచే రాయడం మొదలుపెట్టింది. అవన్నీ ఇంట్లో వాళ్లను నవ్వించడానికి. మూర్ఛపోయే కథానాయికలను, కన్నీటి వరదలను వెక్కిరిస్తూ రాసిన ఆ రాతలను మూడు నోటుబుక్కుల్లో శుభ్రంగా ఎత్తి రాసుకుంది. ఇరవై ఒకటో ఏట, 1797లో, ఒక పెద్ద నవల పూర్తి చేసింది. ఇంట్లో అందరికీ నచ్చింది. తండ్రి ముచ్చటపడి లండన్‌లోని ఒక ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. ఆయన రాతప్రతి చూడకుండానే తిరుగుటపాలో వద్దనేశాడు. ఆ నవలనే తిరగరాసి, పేరు మార్చి, పదహారేళ్ల తర్వాత 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'గా తెచ్చింది.

తెల్లారేసరికి మారిన మాట

జేన్ ప్రేమకథలు రాసింది కాబట్టి ఆమె ప్రేమకథ ఏమిటని మా బృందంలో కూడా అడిగారు. ఇరవై ఏళ్లప్పుడు టామ్ లెఫ్రాయ్ అనే కుర్రాడితో డాన్సుల్లో చనువుగా ఉంది. ఇద్దరికీ డబ్బు లేదు. అతణ్ణి వాళ్లవాళ్లు ఊరు దాటించేశారు. కసాండ్రా కథ ఇంకా విషాదం. పెళ్లి కుదిరిన వరుడు వెస్టిండీస్ వెళ్లి, 1797లో అక్కడే జ్వరంతో చనిపోయాడు. ఆమె మళ్లీ పెళ్లి మాటెత్తలేదు.

1802 డిసెంబరులో జేన్‌కి ఒక సంబంధం వచ్చింది. స్నేహితురాళ్ల తమ్ముడు హారిస్ బిగ్-విదర్. పెద్ద భవంతికి, భూములకు వారసుడు. ఆమెకు అప్పుడు 26 నిండి 27 రాబోతున్నాయి. చేతిలో చిల్లిగవ్వ లేదు. సాయంత్రం సరేనంది. రాత్రంతా ఏం ఆలోచించిందో, తెల్లారగానే కాదంది. వెంటనే ఆ ఇంట్లోంచి బయల్దేరి వచ్చేసింది. ఆ రోజుల్లో పెళ్లికాని ఆడదానికి అన్నదమ్ముల దయే ఆధారం. ఆ ఒక్క మాటతో తనకే కాదు, అక్కకూ తల్లికీ కూడా దొరకబోయిన నీడను వదులుకుంది. ఇది చెప్పినప్పుడు మా వాళ్లు కాసేపు తినడం ఆపేశారు.

ఇల్లు లేని ఎనిమిదేళ్లు

అప్పటికే పుట్టిన ఇల్లు పోయింది. 1801లో తండ్రి ఉద్యోగ బాధ్యతలు పెద్దకొడుక్కి అప్పగించి, భార్యతో, ఇద్దరు కూతుళ్లతో బాత్ నగరానికి మకాం మార్చాడు. సామాన్లు, పియానో, ఆ 500 పుస్తకాలు అమ్మకానికి పెట్టారు. బాత్‌లో అద్దె ఇళ్లు మారుతూ గడిపారు. 1803లో 'సూసన్' అనే నవలను ఒక ప్రచురణకర్త 10 పౌన్లకు కొన్నాడు. కొన్నాడే కానీ అచ్చు వెయ్యలేదు. మరో నవల మొదలుపెట్టింది కానీ మధ్యలో వదిలేసింది.

1805 జనవరిలో తండ్రి హఠాత్తుగా పోయాడు. ఆయనతోపాటే రాబడీ పోయింది. అన్నదమ్ములు తలా కొంత వేసుకుని ఏటా ఇంత అని ఇచ్చేవారు. అదే ఏడు తల్లిని పోగొట్టుకుని ఒంటరిదైన మార్తా లాయిడ్ వీళ్లతో వచ్చి చేరింది. మార్తా జేన్ కంటే పదేళ్లు పెద్ద, చిన్ననాటి స్నేహితురాలు. నలుగురు ఆడవాళ్లు ఒక కుంపటి పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుందని ఏర్పాటు. కొన్నాళ్లు బాత్, ఆ తర్వాత సౌతాంప్టన్‌లో నావికాదళంలో పనిచేసే ఫ్రాంక్ ఇల్లు. ఇరవైల్లో మూడు నవలలు రాసిన మనిషి, ఈ ఎనిమిదేళ్లలో కొత్తగా ఒక్క నవల కూడా పూర్తి చేయలేకపోయింది.

చాటన్ వంటిల్లు

1809 జులైలో దశ తిరిగింది. ఇంకో అన్న ఎడ్వర్డ్‌ను చిన్నప్పుడే నైట్ అనే సంపన్న బంధువులు దత్తత తీసుకున్నారు. ఆయన తన జమీలో ఉన్న చాటన్ ఇంటిని తల్లికీ చెల్లెళ్లకూ ఇచ్చాడు. అద్దె భయం లేదు. తోట ఉంది. తల్లికి మొక్కల పని ఇష్టం. ఇంటి పెత్తనం, వంటింటి అజమాయిషీ కసాండ్రా, మార్తా చూసుకున్నారు. జేన్ వంతుకు వచ్చింది పొద్దున్న తొమ్మిది గంటల ఫలహారం. టీ కాచడం, టీ, పంచదార, వైన్ ఉండే అలమర తాళాలు చూసుకోవడం. అప్పట్లో టీ ఆకు ఖరీదైన సరుకు, తాళం వేసి పెట్టేవారు. ఆ పని అయితే మిగతా పొద్దంతా ఆమెది.

పన్నెండు పలకల చిన్న బల్ల ఒకటి ఉండేది. ఒక పళ్లెం, ఒక గ్లాసు పెడితే నిండిపోయేంత. దాని మీద చిన్న చిన్న కాగితాలు పెట్టుకుని రాసేది. ఆ ఇంటి తలుపొకటి కిర్రుమనేదట. దానికి నూనె వెయ్యనివ్వలేదట. ఎవరైనా వస్తుంటే ఆ చప్పుడుకి కాగితాలు సర్దేసుకోవచ్చని. ఆమె పోయిన యాభై ఏళ్ల తర్వాత మేనల్లుడు రాసిన జీవితచరిత్రలో ఈ సంగతి ఉంది.

మార్తా చేత్తో రాసుకున్న వంటల పుస్తకం ఇప్పటికీ ఉంది. సూపులు, పుడ్డింగులు, ఊరగాయలు, దగ్గు మందులు, ఇంటి చిట్కాలు అన్నీ కలగలిపి, మన అమ్మమ్మల నోటుబుక్కులాగే. ఏ వంట ఎవరి దగ్గర నేర్చుకుందో పక్కన పేరు రాసుకుంది. మన మసాలాలతో చేసే కూర పొడి కూడా అందులో ఉంది. ఆ కుటుంబానికి మన దేశం కొత్త కాదు. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా పెళ్లి సంబంధం వెతుక్కుంటూ 1752లో ఓడెక్కి మద్రాసు వచ్చి, ఈస్టిండియా కంపెనీ డాక్టరు హాన్‌కాక్‌ని చేసుకుంది.

జేన్‌కి తిండి అంటే అయిష్టం ఏమీ లేదు. ఒకసారి తల్లికి జబ్బు చేసి ఇంటి తాళాలు తన చేతికొస్తే, తనకు ఇష్టమైనవే వండిస్తున్నానని అక్కకు దర్జాగా రాసింది. భోజనం వేళకు డాక్టరు వస్తే, బఠాణీ సూపు, మాంసం, పుడ్డింగు ఉన్నాయి కాబట్టి సిగ్గుపడకుండా కూర్చోమన్నానని మురిసింది. కానీ ఆ పని ఎంత మనసును తినేస్తుందో ఆమెకు బాగా తెలుసు. 1816లో కసాండ్రా ఊరెళ్లింది. ఇంటినిండా చుట్టాలు. వాళ్లు వెళ్లాక అక్కకు రాసిన ఉత్తరంలో, సంసారం చూసుకుంటూ పుస్తకాలు రాసిన మరో రచయిత్రిని తలుచుకుని, అంత బరువు మధ్య ఆవిడ ఎలా రాసిందో అని ఆశ్చర్యపోయింది. తలనిండా మాంసం ముక్కల లెక్కలు, మందు మోతాదులు పెట్టుకుని రాయడం తన వల్ల కాదని తేల్చేసింది.

ఈ ఒక్క ఉత్తరం చాలనిపించింది నాకు. చాటన్‌లో ఉన్న ఎనిమిదేళ్లలో ఆ లెక్కలు ఆమె తలకెక్కకుండా చూసింది కసాండ్రా, మార్తా. ఫలితం చూడండి. 1811లో 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ', 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్', 1814లో 'మాన్స్‌ఫీల్డ్ పార్క్', 1815 డిసెంబరులో 'ఎమ్మా'. మొదటి పుస్తకం నష్టం వస్తే తనే భరించే ఒప్పందం మీద వేయించుకుంది. అచ్చులో పేరు ఉండాల్సిన చోట ఒక స్త్రీ రాసినదని మాత్రమే ఉంది. 140 పౌన్లు లాభం వచ్చింది. రెండోదానికి 150 ఇస్తే బాగుండుననుకుంది కానీ, 110కే హక్కులు అమ్మేసింది. జీవితం మొత్తం మీద ఆమె కలం సంపాదన 600 పౌన్లు దాటింది, అంతే. కానీ అన్నదమ్ముల మీద ఆధారపడిన మనిషికి అది సొంత డబ్బు. ఆ సంతోషం ఆమె ఉత్తరాల్లో కనిపిస్తుంది.

ముఖం మీదే చెప్పే విమర్శలు

అప్పట్లో మూడు భాగాల నవల అంటే చాలా ఖరీదు. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' వెల 18 షిల్లింగులు. అందుకే నలుగురూ చందాలు వేసుకుని పుస్తకాలు కొని, ఇంటింటికీ తిప్పుకునేవారు. చాటన్‌లోనూ అలాంటి పుస్తకాల సంఘం ఉంది. పక్క ప్రాంతంలోని అక్కచెల్లెళ్లు తామూ అలాంటిది పెట్టుకుంటామంటే జేన్ తెగ సంతోషపడింది. ఆ సంఘంలో నవలలే కాదు, సైనిక విధానం మీద ఒక ఆర్మీ అధికారి రాసిన పుస్తకం కూడా తెప్పించుకుని ఇష్టంగా చదివింది.

తన నవలల మీద చుట్టూ ఉన్నవాళ్లు ఏమన్నారో కూడా కాగితం మీద రాసి పెట్టుకుంది. పొగడ్తలే కాదు, తిట్లూ రాసుకుంది. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' కథానాయిక చప్పగా ఉందంది కన్నతల్లి. కసాండ్రాకు ఆ అమ్మాయి నచ్చింది కానీ, ముందు నవలలో ఉన్నంత మెరుపు లేదంది. ఒకావిడ మొదటి రెండు నవలలూ శుద్ధ అర్థం లేనివని, మూడోదాంట్లో మొదటి భాగం ముగిసింది కాబట్టి గండం గడిచినట్టేనని సెలవిచ్చింది. 'ఎమ్మా' గురించి ఒక పొరుగావిడ, రాసిన మనిషి తెలిసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పూర్తి చేయడమే కష్టమయ్యేదంది. ఒకాయన బాగుండదని ఎవరో చెప్పగా విని, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం మాత్రమే చదివాడు. అన్నీ పేర్లతో సహా రాసుకుంది జేన్. ఎవరి మీదా కోపం తెచ్చుకున్నట్టు లేదు.

ఇది వినిపించాక మా వాళ్లు ఎంత నవ్వారో చెప్పలేను. మా బృందంలో కూడా ఒకే ఒక్క నియమం ఉంది. నచ్చలేదని ఎవరన్నా అంటే ఎందుకని అడగాలి, అలగకూడదు. మాలో ఒకావిడకు అరవై రెండేళ్లు. ముప్ఫై ఏళ్లకు పైగా పెద్ద కుటుంబాన్ని నడిపారు. అందరికీ ఇష్టమైన ఒక నవల గురించి మాట్లాడుతున్న రోజున, తనకు అది నచ్చలేదని మెల్లిగా అన్నారు. మేం ఎందుకని అడిగాం. పావుగంట మాట్లాడారు. ఏదైనా విషయం మీద తన అభిప్రాయం ఎవరైనా అడిగి, చివరిదాకా విని ఎన్నాళ్లైందో అన్నారు తర్వాత.

ఇంకొకరికి ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. ఆవిడను వదిలి రాలేదు. అందుకని నెల విడిచి నెల మేమే వాళ్లింటికి వెళ్తాం. వంటలన్నీ మేమే పట్టుకెళ్తాం. ఆవిడ మంచం పక్కనే కుర్చీలు వేసుకుని, కొన్ని పేజీలు పైకి చదువుతాం. మొదట్లో గోడవైపు తిరిగి పడుకునేవారు. ఇప్పుడు మేం వెళ్లగానే, కిందటిసారి ఆపిన చోట నుంచి ఏమైందని అడుగుతున్నారు. మిస్ బెన్ గురించి చదివినప్పుడు నాకు ముందుగా తట్టింది ఈవిడే.

చివరి రోజులు

1816 నుంచి జేన్ ఆరోగ్యం దెబ్బతింది. అదే ఏడు హెన్రీ బ్యాంకు మునిగి, ఇంట్లో అందరికీ నష్టం వచ్చింది. అయినా 'పర్సుయేషన్' పూర్తి చేసింది. పదమూడేళ్లుగా మూలపడి ఉన్న 'సూసన్' రాతప్రతిని అదే 10 పౌన్లు తిరిగిచ్చి వెనక్కి తెచ్చుకుంది. 1817 జనవరిలో ఇంకో నవల మొదలుపెట్టి, మార్చిలో ఓపిక లేక ఆపేసింది.

ఏప్రిల్‌లో వీలునామా రాసింది. దాదాపు అంతా కసాండ్రాకే. హెన్రీకి 50 పౌన్లు, హెన్రీ ఇంట్లో పనిచేసిన మేడమ్ బిజియోన్‌కు 50 పౌన్లు. మే నెలలో వైద్యం కోసం విన్‌చెస్టర్ తీసుకెళ్లారు. జులై 18 తెల్లవారుజామున అక్క ఒడిలో తల పెట్టుకుని కన్నుమూసింది. వయసు 41. అప్పటి ఆచారం ప్రకారం ఆడవాళ్లు అంత్యక్రియలకు వెళ్లరు. కసాండ్రా కిటికీలోంచి, ఆ చిన్న ఊరేగింపు వీధి మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడింది.

విన్‌చెస్టర్ కెథెడ్రల్‌లో ఆమె సమాధి రాయి మీద గుణగణాలన్నీ చెక్కారు. నవలలు రాసిందన్న మాట లేదు. ఆ లోటు తీరుస్తూ 1872లో గోడకు ఇత్తడి ఫలకం పెట్టారు. 1817 డిసెంబరులో 'నార్తాంగర్ ఆబీ'గా పేరు మారిన 'సూసన్', 'పర్సుయేషన్' కలిసి వచ్చాయి. ముందుమాటలో హెన్రీ చెల్లెలి పేరు బయటపెట్టాడు. అలా పాఠకులకు ఆ పేరు తెలిసేసరికి ఆమె లేదు. కసాండ్రా 1845 దాకా బతికింది. పోయేముందు చెల్లెలి ఉత్తరాల్లో చాలావాటిని కాల్చేసింది. మిగిలినవి 160 దాకా ఉన్నాయి. మార్తా 1828లో, అరవై దాటాక, భార్య పోయిన ఫ్రాంక్‌ను పెళ్లి చేసుకుంది.

మళ్లీ పది పౌన్లు

చాటన్ ఇంటిని కాపాడటానికి 1940లో పాఠకులు సంఘం కట్టారు. 1949లో అది మ్యూజియం అయింది. ఆ పన్నెండు పలకల బల్ల, మార్తా వంటల పుస్తకం అక్కడ ఉన్నాయి.

2017లో, జేన్ పోయి రెండు వందల ఏళ్లయిన సందర్భంలో, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆమె బొమ్మతో నోటు తెచ్చింది. అది పది పౌన్ల నోటు. ఒకప్పుడు ఆమె నవల మొత్తానికి కట్టిన వెల అది. నోటు మీద ఒక వాక్యం కూడా వేశారు, చదవడం ఎంత హాయో అని. తీరా చూస్తే అది 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో పుస్తకం మీద ఏమాత్రం ధ్యాస లేని అమ్మాయి గొప్పకోసం అన్న మాట. జేన్ ఉంటే అక్కకు ఎంత వెటకారంగా ఉత్తరం రాసేదో.

నోటు మీది బొమ్మకు మూలం కసాండ్రా గీసిన చిన్న చిత్రం. కసాండ్రా పేరు నోటు మీద లేదు. మార్తా పేరూ లేదు. ఉండాలని వాళ్లు కోరుకుని కూడా ఉండరు. కానీ మా వాళ్లకు జేన్ కథ చెప్పేటప్పుడు ఆ ఇద్దరి పేర్లూ పదేపదే చెప్పాను. మనలో రాయాలని, చదవాలని, చదువుకోవాలని, పాడాలని ఉన్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లకు తెలివి ఎక్కువ కావాలని కాదు, పొద్దున్న తొమ్మిది తర్వాత ఒక రెండు గంటలు ఎవరైనా వాళ్ల పొయ్యి చూసుకుంటే చాలు. ఆ రెండు గంటలు మీకు కావాలంటే ఇంట్లోవాళ్లను అడగండి. మీ పక్కింటావిడకు కావాలంటే ఓ కూర గిన్నె పట్టుకుని వెళ్లండి. చేతిలో ఒక నవల కూడా ఉంటే మరీ మంచిది.